పాత చిత్రికలు: పేరు, తేదీ, తుప్పు

వ్యాససంగ్రహం

యంత్రాల రాకతో చేతి చిత్రిక వడ్రంగి కొట్టంలో చాలావరకు మూలపడింది. అయినా అమెరికా, బ్రిటన్ దేశాలలో పాత చిత్రికలను వెతికి కొని, తుప్పు వదిలించి, తిరిగి పనిలో పెట్టే అలవాటు గత యాభై ఏళ్ళలో బలపడింది. ఆ పనిముట్ల చరిత్రలో చాలా భాగం ఇలా కొన్నవారి శ్రమ వల్లనే వెలుగులోకి వచ్చింది. ఆ చరిత్రకు ఆధారమైన ముద్రలు, తేదీలు చెరిగిపోయే ప్రమాదం కూడా వారి చేతుల్లోనే ఉంది. సీజర్ చెలర్ కొయ్య చిత్రికలు, లెనార్డ్ బెయిలీ ఇనుప చిత్రికలు ప్రధాన ఆధారాలుగా ఈ వ్యాసం ఆ సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చిత్రిక, వడ్రంగం, పనిముట్ల చరిత్ర, సీజర్ చెలర్, లెనార్డ్ బెయిలీ, స్టాన్లీ, పేటెంట్లు, పునరుద్ధరణ

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య విమర్శలో ‘చిత్రిక పట్టడం’ అన్న మాటకు కరువు లేదు. కవి జీవితాన్ని చిత్రిక పట్టాడంటారు. నవల ఒక కాలాన్ని చిత్రిక పట్టిందంటారు. ‘చిత్రం’తో పోలిక ఉండటం వల్ల బొమ్మ గీయడమన్న అర్థమే ముందుకు వచ్చి, ఆ మాటకున్న వడ్రంగి అర్థం వెనక్కి పోయింది. వడ్రంగికి చిత్రిక ఒక పనిముట్టు. దీనికే తోపడ అని ఇంకో పేరు. పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘రందా’ తెలంగాణలో వాడుక. మాట విమర్శకుల దగ్గర బతికింది. వస్తువు మాత్రం కొట్టాలలో కరెంటు యంత్రానికి చోటిచ్చి అటకెక్కింది.

చిత్రిక నిర్మాణం చూడటానికి సులువు. ఒక దిమ్మె, దాని అడుగున అడ్డంగా కోసిన సన్నని నోరు, ఆ నోటిలోంచి వెంట్రుకవాసి బయటికి వచ్చే బ్లేడు. బాడిశతో చెక్కినా ఉలితో చెక్కినా కోత లోతు చేతివాటం మీద ఆధారపడుతుంది. చిత్రికలో ఆ లోతును దిమ్మె అడుగే నిర్ణయిస్తుంది. మిట్టగా ఉన్నచోట బ్లేడు తగులుతుంది, పల్లం మీదుగా తగలకుండా దాటిపోతుంది. అలా నాలుగుసార్లు తోస్తే పలక చదునవుతుంది. అంటే అడుగు ఎంత చదునుగా ఉంటే పని అంత చదునుగా వస్తుంది. పాత చిత్రికను బాగుచేయడంలోని కష్టమంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

2. కొయ్య మీద పేరు

క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడుకుపోయిన పాంపే నగరపు తవ్వకాలలో చిత్రికలు దొరికాయి. ఇంగ్లండులోని సిల్చెస్టర్‌లో 1890లో బయటపడిన రోమన్ చిత్రిక ఇప్పుడు రెడింగ్ మ్యూజియంలో ఉంది. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ యుద్ధనౌకలోని వడ్రంగుల పెట్టెలలోనూ ఇవి ఉన్నాయి. అయితే వాటిని చేసినవారు ఎవరో ఆ వస్తువులు చెప్పవు. ఆ రోజుల్లో వడ్రంగి తన చిత్రిక దిమ్మెను తానే చెక్కుకోవడం పరిపాటి. బ్లేడు ఒక్కటే కమ్మరి చేతి పని.

చిత్రికలు చేయడమే వృత్తిగా పెట్టుకున్నవారు ఇంగ్లండులో 17వ శతాబ్ది చివర కనిపిస్తారు. లండన్‌కు చెందిన థామస్ గ్రాన్‌ఫర్డ్ వారిలో తొలివాడిగా పేరున్నవాడు. వృత్తి ఏర్పడిన తరువాత ముద్ర వచ్చింది. చేసినవాడు తన పేరున్న ఇనుప అచ్చును చిత్రిక ముందు తలం మీద, అంటే తోసేటప్పుడు ముందుకు ఉండే ఆ చిన్న అడ్డకోత ముఖం మీద, సుత్తితో కొట్టేవాడు. కొన్న వడ్రంగి అదే ముఖం మీద తన పేరు కొట్టుకునేవాడు. పది మంది కలిసి పనిచేసే చోట పనిముట్లు తారుమారు కాకుండా ఉండటానికి అది అవసరం. తరువాత దాన్ని కొన్నవాడు ఇంకో పేరు చేర్చేవాడు. ఇలా రెండు మూడు తరాల పేర్లు అంగుళమో రెండంగుళాలో ఉన్న చోట ఒకదాని కింద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. భూమి పత్రాలలోనూ చర్చి పుస్తకాలలోనూ అంతగా కనిపించని మనుషులకు చాలాసార్లు మిగిలిన సంతకం ఇదే.

అమెరికాలో ఈ ముద్రలు చెప్పే కథలలో అతి ముఖ్యమైనది మసాచుసెట్స్‌లోని రెంథమ్ అనే చిన్న ఊరిది. అక్కడి ఫ్రాన్సిస్ నికల్సన్ (1683–1753) పేరు తెలిసిన తొలి అమెరికన్ చిత్రికల తయారీదారు. తన పేరు కింద ‘రెంథమ్ నివాసి’ అని ఆంగ్లంలో ముద్ర వేసేవాడు. అతని కొట్టంలో సీజర్ చెలర్ అనే నల్లజాతి బానిస పనిచేసేవాడు. నికల్సన్ 1753లో చనిపోయాడు. అతని వీలునామా చెలర్‌కు స్వేచ్ఛను ఇచ్చింది. దానితో పాటు పడక, బట్టలు, పని బల్ల, పనిముట్లు, పది ఎకరాల నేల ఇచ్చింది. ఆ తరువాత చెలర్ తన సొంత పేరుతో చిత్రికలు చేసి అమ్మాడు. అతని ముద్ర కూడా యజమాని ముద్ర లాంటిదే: మొదట పేరు, కింద ‘రెంథమ్ నివాసి’ అన్న మాట. నిన్నటిదాకా ఆస్తి జాబితాలో ఒక వస్తువుగా లెక్కకు వచ్చిన మనిషి ఒక ఊరికి నివాసినని కొయ్య మీద అచ్చుకొట్టి చెప్పుకోవడం మామూలు విషయం కాదు. మసాచుసెట్స్‌లో కోర్టు తీర్పులు బానిసత్వపు పునాదిని కదిలించింది 1783లో. చెలర్ ఆ మరుసటి ఏడు, 1784లో, కన్నుమూశాడు.

ఇక్కడ ఒక ఊహకు చోటుంది. 1753కు ముందు చెలర్ చేతి మీదుగా వెళ్ళిన చిత్రికల మీద పడి ఉండగలిగింది నికల్సన్ పేరే. యజమాని ముద్ర ఉన్న వస్తువులలో ఎంత భాగం బానిస శ్రమ అన్న ప్రశ్నకు సమాధానం కాగితాలలో వెతికితే చాలదు. నికల్సన్ ముద్రలున్నవాటిని, చెలర్ ముద్రలున్నవాటిని పక్కపక్కన పెట్టి, అంచుల చెక్కుడునూ బిగింపు చెక్క ఆకారాన్నీ పోల్చాలి. ఆ పోలికకు రెండు రకాల వస్తువులూ చెక్కుచెదరకుండా ఉండాలి. బాగుచేసే ఉత్సాహంలో అంచులను నున్నగా అరగదీసిన చిత్రిక ఈ ప్రశ్నకు ఇక సమాధానం చెప్పలేదు.

కొయ్య చిత్రికలను పేరు లేకపోయినా కొంతవరకు కాలంలో నిలపవచ్చు. అంచులకు నగిషీ కోసే 18వ శతాబ్దపు చిత్రికలు దాదాపు పది అంగుళాల పొడవుతో, అంచులు వెడల్పుగా, చదునుగా వాలుగా చెక్కి ఉంటాయి. తరువాతి కాలానికి పొడవు తొమ్మిదిన్నర అంగుళాల దగ్గర స్థిరపడి, అంచులు గుండ్రబడ్డాయి. న్యూ ఇంగ్లండు తొలి చిత్రికలు ఎక్కువగా పసుపు బర్చ్ కలపవి; తరువాత బీచ్ కలప దాని స్థానాన్ని ఆక్రమించింది. బ్లేడు మీద మరో రేకును బిగించి, లేచిన పొరను వెంటనే విరిచే జంట బ్లేడు పద్ధతి 18వ శతాబ్ది నడిమికి వచ్చింది. ఫిలడెల్ఫియాకు చెందిన శామ్యూల్ కరూథర్స్ 1767లో ఇచ్చిన ప్రకటనలో జంట బ్లేడు చిత్రికల ప్రస్తావన ఉంది. ఎదురు పోగున్న కలపను చీలకుండా నునుపు చేయడానికి ఆ రేకే ఉపాయం.

3. ఇనుములోకి

కొయ్య దిమ్మెకు రెండు బలహీనతలు ఉన్నాయి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. కనుక అడుగును అప్పుడప్పుడు తిరిగి చదును చేయాలి. అలా చేసిన ప్రతిసారీ నోరు కొంచెం వెడల్పవుతుంది. రెండవది, బ్లేడును ముందుకు వెనక్కి జరపడానికి సుత్తి తప్ప వేరే సాధనం లేదు. అనుభవజ్ఞుడికి అది రెండు దెబ్బల పని. కొత్తవాడికి పూటంతా పడుతుంది.

కనెటికట్‌కు చెందిన హజార్డ్ నోల్స్ 1827లో పోత ఇనుప దిమ్మెతో చిత్రికకు పేటెంటు పొందాడు. అది అంతగా వ్యాపించలేదు. నిజమైన మలుపు లెనార్డ్ బెయిలీ (1825–1905)తో వచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లో పుట్టి, బోస్టన్ ప్రాంతంలో పనిచేసిన ఈయన 1850లలో వరుసగా ప్రయోగాలు చేశాడు. 1858 ఆగస్టు 31, 1867 ఆగస్టు 6 తేదీల పేటెంట్లు ఆయన చిత్రికల మీద కనిపిస్తాయి. బ్లేడు వెనుక ఉన్న ఇత్తడి చక్రాన్ని వేలితో తిప్పితే బ్లేడు ముందుకో వెనక్కో జరిగే ఏర్పాటు ఆయనది. నేటికీ ప్రపంచమంతటా తయారయ్యే మామూలు ఇనుప చిత్రికలలో అధికభాగం దాని నమూనానే.

1869లో కనెటికట్‌లోని న్యూ బ్రిటన్ పట్టణానికి చెందిన స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ బెయిలీ పేటెంట్లను కొన్నది. బెయిలీ కూడా కంపెనీతో కలిసి పనిచేశాడు. స్నేహం ఎంతోకాలం నిలవలేదు. కంపెనీలోని మరో ఆవిష్కర్త జస్టస్ ట్రౌట్ రూపొందించిన చిత్రికలు తన హక్కులను దాటుతున్నాయని బెయిలీ వాదన. 1870ల నడిమికి విడిపోయి, హార్ట్‌ఫర్డ్‌లో ‘విక్టర్’ పేరుతో పోటీ చిత్రికలు చేశాడు. వ్యాజ్యాలు నడిచాయి. చివరికి 1880లలో విక్టర్ చిత్రికలు కూడా స్టాన్లీ చేతికే వెళ్ళాయి.

ఆ రోజుల్లో అమెరికన్ పేటెంటు గడువు 17 ఏళ్ళు. 1867నాటి హక్కులు 1884తో తీరిపోయాయి. న్యూ హేవెన్‌కు చెందిన సార్జెంట్ వంటి కంపెనీలు బెయిలీ నమూనాను అనుసరించి తమ చిత్రికలను బజారులోకి తెచ్చాయి. స్టాన్లీ చిత్రికలకు 1885 ప్రాంతంలో బ్లేడును పక్కలకు సరిచేసే చిన్న మీట చేరింది. దాని మీద 1884 అక్టోబరు 21, తరువాత 1888 జులై 24 పేటెంటు తేదీలు కొట్టారు. 1902 ప్రాంతంలో ముందు పిడి దగ్గర దిమ్మె పోతలోనే ‘బెయిలీ’ అన్న పేరు వచ్చింది. కంపెనీతో కోర్టులకెక్కిన మనిషి పేరును ఆయన బతికుండగానే అదే కంపెనీ ఇనుములో పోసి అమ్ముకుంది. ఎవరైనా అనుకరించగలిగే నమూనాకు అసలు చిరునామా తమదేనని చెప్పుకోవడానికి ఆ పేరు పనికివచ్చి ఉంటుంది. బెయిలీ అన్న మాట వినగానే వడ్రంగికి మనిషి కాక చిత్రిక స్ఫురించడం అప్పటినుంచీ ఉన్నదే.

4. తేదీలను చదివినవారు

ఇవన్నీ ఈనాడు ఇంత వివరంగా తెలియడానికి కారణం విశ్వవిద్యాలయాలు కావు. పెన్సిల్వేనియాలోని డాయిల్స్‌టౌన్‌కు చెందిన హెన్రీ మెర్సర్ 1897లో పాత సామాన్ల కుప్పలలో పడి ఉన్న చేతి పనిముట్లను పోగుచేయడం మొదలుపెట్టాడు. పురావస్తువు అంటే మట్టిలోంచి తవ్వి తీసేదే కానక్కరలేదని, పారేసిన ఉలి కూడా ఒక దేశ చరిత్రకు ఆధారమని ఆయన వాదించాడు. 1916లో కాంక్రీటుతో మ్యూజియం కట్టించాడు; 1929లో పాత వడ్రంగి పనిముట్ల మీద పుస్తకం వెలువరించాడు. 1933లో ప్రాచీన అమెరికన్ పరిశ్రమల సంఘం ఏర్పడింది. బ్రిటన్‌లో డబ్ల్యు. ఎల్. గుడ్‌మన్ 1964లో వడ్రంగి పనిముట్ల చరిత్రను, 1968లో 1700 తరువాతి బ్రిటిష్ చిత్రికల తయారీదారుల జాబితాను ప్రచురించాడు. ఆ జాబితాకు ముడిసరుకు చాలావరకు చిత్రికల ముందు తలాల మీది ముద్రలే.

అమెరికన్ కొయ్య చిత్రికల తయారీదారుల మీద ఎమిల్, మార్టిల్ పొలాక్ దంపతుల పుస్తకం 1983లో వచ్చింది. ఒక్కో ముద్ర ఎంత అరుదో నక్షత్రాలతో సూచించిన గ్రంథమది. దానికి రెండేళ్ళ ముందే, 1981లో, రోజర్ కె. స్మిత్ 1827 నుంచి 1927 వరకు పేటెంటు పొందిన అమెరికన్ ఇనుప చిత్రికల మీద గ్రంథాన్ని తెచ్చాడు. స్టాన్లీ బెయిలీ చిత్రికలను కాలక్రమంలో ‘టైపులు’గా విడదీసే పద్ధతి ఇటువంటి కృషి నుంచి వచ్చింది. ఈ పద్ధతి తెలిసినవాడు సంతలో చిత్రిక బోర్లించి, విప్పి, దాని వయసు చెప్పగలడు. బ్లేడును మోసే ‘ఫ్రాగ్’ అనే ఇనుప దిమ్మె వెనుక పోతలో 1902నాటి రెండు తేదీలే ఉంటే ఆ దశాబ్దానిది; 1910 ఏప్రిల్ 19 కూడా చేరి మూడు ఉంటే 1910–1918 మధ్యది. ఫ్రాగ్‌ను ముందుకు జరపడానికి వెనుక మర ఉంటే 1907 తరువాతది. ముందు పిడి పొట్టిగా గుండ్రంగా ఉంటే మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది లేదా ఆ కాలపుది; ఎత్తుగా ఉంటే తరువాతది. బ్లేడు మీద హృదయాకారం ముద్ర ఉంటే 1920 నుంచి 1930ల నడిమి దాకా. స్టాన్లీ వర్క్స్ సంస్థకు చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న విలియం హార్ట్ ఇంటిపేరును గుర్తుచేసే గుర్తు అది. ఆయన 1919లో చనిపోయాడు. బ్లేడును నొక్కిపట్టే లీవర్ క్యాప్‌కు ఉన్న రంధ్రం మూత్రపిండం ఆకారంలో ఉంటే 1933 తరువాతది. ఇత్తడి చక్రం బదులు గట్టి నల్ల రబ్బరు చక్రం, రంగు పూసిన మామూలు కలప పిడులు ఉన్నది రెండవ ప్రపంచయుద్ధ కాలంది. ఇత్తడి అంతా యుద్ధానికి పోయిన కాలంలో కొందరు సేకర్తలు తక్కువగా చూసే ఆ చిత్రిక పుట్టింది. చరిత్రకు మాత్రం దాని రబ్బరు చక్రం ఇత్తడి కన్నా ఎక్కువ చెబుతుంది.

ఈ పద్ధతికి ఉన్న పరిమితిని దాని అభిమానులు కొన్నిసార్లు మరుస్తారు. టైపులన్నవి కంపెనీ పెట్టుకున్నవి కావు. తరువాతివారు గీసిన గీతలు. కర్మాగారంలో పాత పోత మిగిలితే కొత్త భాగాలతో కలిపి అమ్మేవారు. ఒక భాగం 1909ది, మరొకటి 1911ది ఉన్న చిత్రికను ‘కలగలుపు’ అని తోసిపుచ్చడం వల్ల, కర్మాగారం నిజంగా ఎలా నడిచిందో చెప్పే సాక్ష్యమే చేజారవచ్చు. అయితే సంతలో అమ్మేవాడు నాలుగు విరిగిన చిత్రికలలోంచి ఒకటి అతికిన సందర్భాలూ తక్కువ కావు. ఈ రెంటినీ వేరుచేయడానికి కొలబద్ద ఒకటే: పిడుల మీది చెమట మరక, తుప్పు రంగు, మరల అరుగుదల అన్నీ కలిసి వచ్చాయా లేదా అన్నది.

5. కొనేవారు రెండు రకాలు

1975లో కనెటికట్ నుంచి ‘ఫైన్ వుడ్‌వర్కింగ్’ పత్రిక మొదలైంది. 1976లో జేమ్స్ క్రెనోవ్ పుస్తకం వచ్చింది. చేత్తో కలప పని చేయాలన్న కోరిక ఉన్న కొత్త తరానికి బజారులో మంచి చిత్రిక దొరకలేదు. కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటూ వచ్చి, సుమారు యాభై పనులు చేయగల ‘55’ నంబరు చిత్రికను 1962కే ఆపేశాయి. దాంతో ఆ తరం తాతల అటకల వైపు చూసింది. 1981లో మెయిన్ రాష్ట్రంలో థామస్ లీ-నీల్సన్ పాత స్టాన్లీ నమూనాలను మళ్ళీ పోతపోయడం మొదలుపెట్టాడు. అంటే పాత చిత్రికల మీది మోజు కొత్త పరిశ్రమనే పుట్టించింది.

సేకర్తకు, పనివాడికి ఒకే వస్తువు రెండు వేర్వేరు విలువలు. బెయిలీ వరుసలో 1వ నంబరు అయిదున్నర అంగుళాల బుల్లి చిత్రిక. దానితో పెద్ద పనేమీ కాదు. అరుదైనది కనుక వెయ్యి డాలర్లు దాటి పలుకుతుంది, ఆ ధర వల్లనే దానికి నకళ్ళూ పుట్టాయి. తొమ్మిది అంగుళాల 4వ నంబరు, పద్నాలుగు అంగుళాల 5వ నంబరు పనివాడికి రోజూ కావలసినవి. లెక్కకు మించి తయారయ్యాయి కనుక కొన్ని పదుల డాలర్లకే దొరుకుతాయి. ఈ అసమానత పనివాడికి వరం.

కొనేముందు చూడవలసినది తుప్పు కాదు, పగులు. పోత ఇనుము కిందపడితే సొట్ట పోదు, విరుగుతుంది. నోటి మూలల దగ్గర, పక్క గోడల మీద వెంట్రుకలాంటి గీత ఉందేమో వేలిగోటితో తడిమి చూడాలి. వెనుక పిడి పైకొమ్ము విరిగి ఉండటం సర్వసాధారణం, దాన్ని అతికించవచ్చు. అక్కడ ఒక చిక్కు ఉంది. పాత స్టాన్లీ పిడులు బ్రెజిల్ రోజ్‌వుడ్‌వి. మన అడవులలోని ఇరుగుడుకు అది ప్రజాతి బంధువు. ఆ చెట్టు అంతరించే స్థితికి చేరడంతో 1992లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే పట్టికలో చేర్చారు. కనుక విరిగిన పిడిని పారేసి అదే కలపతో కొత్తది చేయించడం సులభం కాదు. ఒక కర్మాగారం లెక్కలేనన్ని పిడులకు వాడిన కలప ఇప్పుడు ఆ పిడులలోనే ఎక్కువ మందికి చేతికందుతుంది. ముక్కను అతికించడమే ఇక్కడ చవకైన దారి, సరైన దారి కూడా.

6. తుప్పు వదిలించడం

పునరుద్ధరణలో మొదటి పని విప్పడం. భాగాలన్నీ విప్పి, కిరోసిన్‌తో మురికి తుడిచాక అసలు తుప్పు ఎంతో తెలుస్తుంది. పైపైన ఉన్న ఎర్ర తుప్పుకు నూనె, సన్నని ఉక్కుపీచు సరిపోతాయి. లోతుగా ఉంటే సిట్రిక్ ఆమ్లపు నీళ్ళలో నానబెడతారు. లేదా విద్యుద్విశ్లేషణ చేస్తారు. చాకలి సోడా కలిపిన నీటిలో చిత్రికను బ్యాటరీ చార్జర్ రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలిపితే తుప్పు నల్లబడి వదులవుతుంది. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు; విషపు క్రోమియం లవణాలు పుడతాయి. ఇనుమును గీకదు కనుక ముద్రల పట్ల ఇది దయగల పద్ధతి. నల్లని పాత పూత ఉన్న దిమ్మెకు మాత్రం జాగ్రత్త అవసరం, పట్టు వదిలిన పూత దీనితో ఊడివస్తుంది. తారు వంటి ఆస్ఫాల్టును అవిసె నూనె, టర్పెంటైన్‌లతో కలిపి పూసి, కొలిమిలో కాల్చిన పూత అది. మామూలు నల్ల రంగు దానికి సాటిరాదు.

తరువాత అడుగు. మందపాటి అద్దం మీద గరుకు కాగితం అతికించి, చిత్రికను దాని మీద రుద్దుతారు. బ్లేడును లోపలికి లాగి ఉంచినా, లీవర్ క్యాప్‌ను మాత్రం పనిలో ఉన్నట్టే బిగించాలి. ఆ బిగింపుకు దిమ్మె కొద్దిగా వంగుతుంది కాబట్టి. ముందు కొస, నోటికి ముందుభాగం, వెనుక కొస ఒకే తలంలోకి వస్తే చాలు. అడుగంతా అద్దంలా మెరిసేదాకా రుద్దడం పనికి కాక కంటికి చేసే సేవ. బ్లేడు వీపును చదును చేసి, అంచును సాన పట్టి, పొర విరిచే రేకును బ్లేడుకు సందు లేకుండా అమర్చాలి. పాత స్టాన్లీ బ్లేడు మందం రెండు మిల్లీమీటర్లే. ఈ రేకు సరిగా కూర్చోకపోతే బ్లేడు అదురుతుంది, ఆ తప్పును కొన్నవాడు చిత్రిక మీదికి నెడతాడు.

ఇక్కడిదాకా పనికి, చరిత్రకు గొడవ లేదు. కోటానుకోట్ల పలకలను నునుపు చేసిన 4వ నంబరు చిత్రిక తుప్పులో నశించడం కన్నా ఇంకో పలక మీద నడవడం నయం. అరిగిన అడుగును మరికొంత అరగదీస్తే పోయేదేమీ లేదు. తీగల బ్రష్షు బిగించిన యంత్రంతో అన్నింటినీ మెరిపించడం దగ్గర గొడవ మొదలవుతుంది. పక్క మీట మీది తేదీలు, బ్లేడు పైభాగంలోని ముద్ర లోతు తక్కువవి; కొన్ని నిమిషాలలో మాయమవుతాయి. ఫ్రాగ్ వెనుక తేదీలు పోతవి కనుక అంత త్వరగా అరగవు, కాని మందంగా కొత్త రంగు పూస్తే పూడిపోతాయి. మ్యూజియంలు పాటించే సూత్రం వెనక్కి తీసుకోగలిగినదే చేయాలని. పనివాడు దాన్ని పూర్తిగా పాటించలేడు, పాటించనక్కరలేదు. పని జరిగే తలాలను అరగదీసి, పని జరగని తలాలను వదిలేయడం అతనికి సాధ్యమైన మేర. చిత్రిక నిర్మాణం ఈ విషయంలో ఉదారమైనది. ముద్రలూ తేదీలూ ఉన్న చోట్లు ఏవీ కలపకు తగిలేవి కావు.

కొయ్య చిత్రికల విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువ ఉండాలి. అడుగు తిరిగి చదును చేసినప్పుడు వెడల్పయిన నోటికి ముందు చిన్న కొయ్య ముక్క పొదగడం పాత వడ్రంగులూ చేసినదే. అది వస్తువు జీవితంలో భాగం. పైభాగాన్నంతా గరుకు కాగితంతో రుద్ది, మెరుపు నూనె పెట్టి, ‘కొత్తదానిలా ఉంది’ అని అమ్మడం వేరు. రెండు వందల ఏళ్ళ చేతి జిడ్డుతో నల్లబడిన ముందు తలంలో అక్షరాలను చూపించేది ఆ నలుపే. రంగు పోతే, లోతు కొంచెం తగ్గితే, పేరు గీతల గుంపుగా మిగులుతుంది. రెంథమ్ చిత్రికల మీద మొదటి పేరు ఒకటి, కింద ఊరి పేరు, ఆ కింద ఎవరో వడ్రంగి పొడి అక్షరాలు, కొన్నిసార్లు వంకరగా ఇంకో పేరు. వాటిని మెత్తని పొడిగుడ్డతో తుడిచి, పలుచగా మైనం రాసి, పక్కవాటు వెలుగులో పెట్టి ఫొటో తీసుకున్నాకే బ్లేడు విప్పే పునరుద్ధారకులు కొందరున్నారు. చెలర్ పేరులో చివరి అక్షరం అరిగి ఉంటే, దాన్ని అలాగే ఉంచుతారు.